ఉక్కు నగరానికి వంత పాడేదెవరు?

ప్రాచీన ఏథెన్స్‌లో విషాద నాటకం కాలక్షేపం కాదు, నగరం తనను తాను నిలదీసుకునే సభ. ఆ నాటకాల సామాజిక నేపథ్యాన్ని అర్థం చేసుకోవడానికి గ్రీసు దాకా వెళ్లనక్కర్లేదు. భిలాయ్ చాలు.

విశాఖపట్నం నుంచి భిలాయ్‌కి రైలు దారి విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరి అక్కడి నుంచి దుర్గ్ వైపు మళ్లుతుంది. 2024 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ రైలు విశాఖ, దుర్గ్ మధ్య ప్రయాణాన్ని సుమారు ఎనిమిది గంటలకు కుదించింది. అంతకు చాలా ముందే ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ ఇదే దారిన వెళ్లాయి. అందుకే భిలాయ్ సెక్టార్లలో తెలుగు మాట చెవిన పడితే ఎవరూ తలతిప్పి చూడరు. మలయాళీ, బెంగాలీ, పంజాబీ, బిహారీ, తెలుగు కుటుంబాలు పక్కపక్క క్వార్టర్లలో కాపురముండి, పిల్లల్ని ఒకే బడికి పంపిన ఊరది.

ఊరు చూడగానే గీత గీసి కట్టారని తెలిసిపోతుంది. అంకెలే పేర్లుగా ఉన్న సెక్టార్లు, చెట్ల నీడన వెడల్పాటి రోడ్లు, ఒకే అచ్చులో పోసినట్టుండే క్వార్టర్లు, నడుమ సివిక్ సెంటర్, సోవియట్ మైత్రికి గుర్తుగా వెలసిన మైత్రీ బాగ్. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మొదట అనుకున్న సామర్థ్యం ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు. ముడి ఇనుము దక్షిణాన ఉన్న దల్లీ రాజ్‌హరా గనుల నుంచి వస్తుంది. దేశంలో రైళ్లు నడిచే పట్టాల్లో అధిక భాగం భిలాయ్‌లో తయారైనవే.

ఇటువంటి చోట ఎస్కిలస్, సొఫోక్లిస్, యురిపిడీస్‌ల ఊసెత్తడం విడ్డూరంగా అనిపించవచ్చు. పాఠ్యపుస్తకాలు మనకు నేర్పిన ట్రాజెడీ వేరు. ఒక మహాపురుషుడు, అతనిలో ఒక లోపం, ఒక పతనం, చూసేవారికి జాలి, భయం. అరిస్టాటిల్ చెప్పిన ఈ సూత్రాలతోనే తరాల తరబడి విద్యార్థులు పరీక్షలు గట్టెక్కారు. తెలుగులో విషాదాంత నాటకానికి బాట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర' మీద జరిగిన చర్చ కూడా ముగింపు గురించే. నాటకం చావుతో ముగియవచ్చా, కూడదా అన్నదే అప్పటి పేచీ.

పరిశోధకులు గత అర్ధ శతాబ్దంగా అడుగుతున్న ప్రశ్న ఇది కాదు. ఆ నాటకాలు ఎవరు వేయించారు, ఎవరు డబ్బు పెట్టారు, ఎవరు చూశారు, ఎందుకు చూశారు అన్నది. ఫ్రాన్స్‌లో జాన్ పియెర్ వెర్నాన్, పియెర్ విడాల్ నాకే 1972లో వెలువరించిన గ్రంథంతో ఈ మలుపు స్పష్టమైంది. 1980ల్లో బ్రిటిష్ పండితుడు సైమన్ గోల్డ్‌హిల్ నాటకాలకు ముందు అదే రంగస్థలం మీద జరిగే తంతులపై దృష్టి పెట్టారు.

పండగలో లెక్క అప్పజెప్పడం

ఏథెన్స్‌లో ఏటా వసంతంలో డయోనిసస్ దేవుడి పేర పండగ. ముగ్గురు కవులు పోటీపడేవారు. ఒక్కొక్కరివి మూడు విషాద నాటకాలు, చివర ఒక సరదా నాటకం. ప్రతి కవికీ ఒక ధనికుడిని నగరం కేటాయించేది. వంతగాళ్ల బృందానికి శిక్షణ, వేషాల ఖర్చు ఆయన భరించాలి. పన్ను కట్టినంత ఖచ్చితమైన బాధ్యత అది. పాడి ఆడే ఆ బృందంలో మొదట 12 మంది, తర్వాత 15 మంది. వాళ్లు వృత్తి కళాకారులు కాదు, మామూలు పౌరులు. న్యాయనిర్ణేతలను లాటరీ తీసి ఎంచేవారు.

నాటకాలు మొదలయ్యే ముందు జరిగేది ఇంకా ఆసక్తికరం. ఏథెన్స్ అధికారం కింద ఉన్న నగరాలు పంపిన కప్పం సొమ్మును రంగస్థలం మీదికి తెచ్చి ప్రదర్శించేవారు. యుద్ధంలో చనిపోయినవారి కొడుకులను నగరం తన ఖర్చుతో పెంచి, యుక్తవయసు రాగానే కవచం తొడిగి జనం ముందు నడిపించేది. అంటే ముందు ప్రతాపం, తర్వాత ఆ ప్రతాపానికి ఎవరు మూల్యం చెల్లించారో చూపే కథలు. అదే మెట్ల మీద కూర్చున్న అదే జనం రెండూ చూడాలి.

క్రీ.పూ. 472లో ఎస్కిలస్ 'పర్షియన్లు' వేశాడు. ఎనిమిదేళ్ల కిందట తాము ఓడించిన శత్రువు ఇంట్లో ఏడుపు ఎలా ఉంటుందో గెలిచినవారికి చూపించాడు. ఖర్చు పెట్టింది యువకుడైన పెరిక్లిస్. క్రీ.పూ. 416లో ఏథెన్స్ సేనలు మీలోస్ ద్వీపంలో మగవారిని చంపి, ఆడవారిని, పిల్లలను బానిసలుగా అమ్మాయి. మరుసటి ఏడే యురిపిడీస్ 'ట్రాయ్ స్త్రీలు' వచ్చింది. ఆ నాటకమంతా ఓడిన నగరపు ఆడవాళ్ల శోకమే.

ఏథెన్స్‌ను మరీ ఎత్తి చెప్పనక్కర్లేదు. ఆ నగరపు నావికాదళానికి డబ్బు లారియన్ వెండి గనుల నుంచి వచ్చింది. గనుల్లో దిగింది బానిసలు. వాళ్లకు సభలో ఓటు లేదు. స్త్రీలకూ లేదు. స్త్రీలు నాటకం చూసేవారా లేదా అన్నదానిపై పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒకప్పుడు ప్రేక్షకులు పదిహేను వేలకు పైగా అని రాసేవారు, ఇటీవలి తవ్వకాల ఆధారంగా ఆనాటి చెక్క మెట్లపై ఆరు వేల మందికి అటూ ఇటూ పట్టి ఉంటారని అంచనా వేస్తున్నారు. ఓటు లేని స్త్రీలు, బానిసలు, పరాయివాళ్లు ఆ నాటకాల్లో మాత్రం నోరు విప్పేవారు, మగ నటుల గొంతుతో.

ఆధునిక భారతంలో ఒక నగరం, దాని వెనుక ఒక గని, దాని పునాదిలో ఒక త్యాగం, దాని వాకిట ఒక హత్య, ఆ హత్యపై ఒక తీర్పు, వీటన్నిటి పక్కనే సజీవంగా ఉన్న ఒక కథాగాన సంప్రదాయం ఒకేచోట కావాలంటే భిలాయ్‌కి రావాలి.

కొలిమి అడిగిన బలి

కర్మాగారం కోసం, టౌన్‌షిప్ కోసం తొంభైకి పైగా గ్రామాల భూములు తీసుకున్నారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనథన్ ప్యారీ 1990ల నుంచి ఇక్కడి బస్తీల్లో, పల్లెల్లో పరిశోధన చేసి, 2020లో 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆయన నమోదు చేసిన విషయాల్లో ఒకటి గ్రీకు నాటకంలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. నిర్మాణం సాగుతున్న రోజుల్లో, కొలిమి నిలవాలంటే నరబలి కావాలట అన్న పుకారు చుట్టుపక్కల పల్లెల్లో పాకింది. పొలం పోయిన రైతులు కొందరు ప్లాంటులో కొలువుకు వెళ్లడానికి జంకడంలో ఈ భయం పాత్ర కూడా ఉంది.

ఇటువంటి మాట తెలుగువారికి కొత్త కాదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు గట్టు నిలవడానికి ప్రాణమిచ్చిన కోడలి కథనే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము'గా రాశారు. వంతెనలకు, ఆనకట్టలకు ఇలాంటి కథ లేని ప్రాంతం దేశంలో అరుదు. దాన్ని మూఢనమ్మకమని తీసిపారేయడం తేలిక. కానీ ఆ పుకారులో ఒక లెక్క ఉంది. ఇంత పెద్దది ఊరికే లేవదు, ఎవరో చెల్లించాలి, చెల్లించేది మనమే అన్న లెక్క.

గ్రీకులు ఈ లెక్కను రంగస్థలం మీద పెట్టారు. ట్రాయ్ మీదికి ఓడలు కదలాలంటే గాలి వీచాలి, గాలి వీచాలంటే సేనాని అగమెమ్నన్ తన కూతురు ఇఫిజినియాను బలివ్వాలి. ఎస్కిలస్ నాటకంలో ఆ పిల్ల నోరు నొక్కి బలిపీఠం ఎక్కిస్తారు. క్రీ.పూ. 405 ప్రాంతంలో, యురిపిడీస్ మరణానంతరం ప్రదర్శించిన నాటకంలో మాత్రం ఆమె మొదట ప్రాణభిక్ష కోరి, చివరకు దేశం కోసం నేనే వెళతానంటుంది. బలి త్యాగంగా మారుతుంది. అది ఆమె ఎంపికా, వేరే దారి లేక చేసుకున్న సర్దుబాటా అని పండితులు నేటికీ వాదించుకుంటున్నారు.

నెహ్రూ యుగం భాషలో భూమి ఇవ్వడం దేశం కోసం త్యాగం. పల్లె భాషలో అది బలి. ఈ రెండు మాటల మధ్య దూరమే భిలాయ్ చరిత్ర. ప్లాంటు లోపల కూడా ఆ దూరం అప్పుడప్పుడు బయటపడుతుంది. 2014 జూన్ 12న విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర పేలుడు జరిగి పదిమందికి పైగా మరణించారు.

ఆడది నిలబడి పాడితే

భిలాయ్‌కి ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో గనియారీ గ్రామం. పండవానీ గాయని తీజన్ బాయి 1956లో పుట్టింది ఇక్కడే. పార్ధీ తెగకు చెందిన ఆమె, తాత వరసయ్యే బ్రిజ్‌లాల్ దగ్గర భారత కథ విని నేర్చుకున్నారు. పదమూడో ఏట తొలి ప్రదర్శన. పండవానీలో రెండు పద్ధతులు. కూర్చుని పాడేది వేదమతి, లేచి అభినయిస్తూ పాడేది కాపాలిక. ఆడవారికి కూర్చుని పాడటమే మర్యాద అనుకునే రోజుల్లో ఆమె లేచి నిలబడ్డారు. కులం వెలివేసింది. హబీబ్ తన్వీర్ కంటపడ్డాక ఆమె గొంతు దేశం వినింది. భిలాయ్ ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి.

ఆమె ప్రదర్శన చూసినవారికి గ్రీకు నాటకం ఎలా మొదలై ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. ఒక చేతిలో తంబురా, మరో చేతిలో చిడతలు. ఆ తంబురాయే భీముడి గద, అర్జునుడి విల్లు. పక్కన 'రాగీ' అనే సహగాయకుడు అవునంటూ ఊతమిస్తాడు, ఆపై ఏమైందని అడుగుతాడు, జనం మనసులో మెదిలే అనుమానాన్ని జనం తరఫున పైకి అంటాడు. బుర్రకథ తెలిసినవారికి ఇది చెప్పక్కర్లేదు. కథకుడికి ఒకవైపు హాస్యం చెప్పే వంత, మరోవైపు రాజకీయం చెప్పే వంత. అల్లూరి కథలోకి ఆనాటి కరువును, పన్నులను లాక్కొచ్చేది ఆ వంతే.

గ్రీకు సంప్రదాయం ప్రకారం విషాద నాటకం ఇలాంటి బృందగానంలోంచే పుట్టింది. బృందంలోంచి ఒకడు విడివడి మిగిలినవారికి బదులు చెప్పాడు. నటుడికి గ్రీకులు వాడిన 'హిపొక్రితీస్' అనే మాటకు ఒక అర్థం బదులు చెప్పేవాడు అని. వంత అడగకపోతే నాయకుడు బదులు చెప్పనక్కర్లేదు. నాటకంలోని రాజనీతి అంతా ఈ చిన్న ఏర్పాటులో ఉంది. తెలుగులో 'వంత పాడటం' అంటే తలూపడం అనే అర్థం స్థిరపడింది గానీ, అసలు వంత పని అది కాదు.

ఏథెన్స్‌తో తేడా కూడా ఇక్కడే ఉంది. అక్కడ మగవాళ్లు ముసుగు తొడుక్కుని యాంటిగొనీగా, మీడియాగా ఏడ్చేవారు. ఇక్కడ ఒక ఆడమనిషి భీముడై దుశ్శాసనుడి రొమ్ము చీలుస్తుంది. ద్రౌపదికి జరిగిన అవమానానికి బదులు ఆడ గొంతులోంచే వస్తుంది. సభలో ఓటున్న స్త్రీ పాడుతున్న కథ అది.

మైదానంలో నిజం చెప్పిన దొంగ

రాయ్‌పూర్‌లో 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారులతో, వారి భాషలోనే నాటకాలు ఆడించారు. వాటిలో మకుటాయమానం 'చరణ్‌దాస్ చోర్'. విజయ్‌దాన్ దేథా చెప్పిన రాజస్థానీ కథ ఆధారం. 1970ల మధ్యలో భిలాయ్‌లో జరిపిన ఒక వర్క్‌షాపు చివర, ఆరుబయట మైదానంలో, సత్నామీలు పెద్ద సంఖ్యలో కూడిన సభలో, 'చోర్ చోర్' పేరుతో దాని చిన్న రూపం మొదట ప్రదర్శించారు. గురు ఘాసీదాస్ బాటలో నడిచే సత్నామీలకు సత్యమే దేవుడు. అంటరానితనం భరించిన కులాల నుంచి వచ్చిన ఉద్యమం అది. తర్వాత పెరిగి పెద్దదైన నాటకంలో సత్నామీల పంథీ పాటలు చేరాయి. 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్‌లో దానికి అవార్డు దక్కింది.

కథ నవ్వుతూ మొదలవుతుంది. ఒక దొంగ గురువు దగ్గర సరదాకి ఒట్లు పెట్టుకుంటాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యం ఇచ్చినా పుచ్చుకోను. ఆ వేళాకోళానికి గురువు ఒక షరతు కలుపుతాడు, అబద్ధం ఆడకూడదు అని. ఒక్కొక్కటే నిజంగా ఎదురవుతుంది. చివరకు రాణి పెళ్లి చేసుకోమంటుంది. కాదంటాడు. సరే, ఈ సంగతి ఎవరికీ చెప్పకు అంటుంది. నిజం దాచలేనంటాడు. చంపిస్తుంది.

విధి ముందే చెప్పిన మాట వైపు తెలియకుండా నడిచే ఈడిపస్‌కు ఇతను ఛత్తీస్‌గఢ్ చుట్టం. కాకపోతే ఈడిపస్ రాజు, ఇతను చిల్లర దొంగ. తీర్పరులుగా కూర్చున్నది ఊరి బయట ఉంచబడినవాళ్లు. అధికారం ఒక నిజాన్ని భరించలేక మనిషిని తీసేయడం వాళ్లకు విడమర్చి చెప్పాల్సిన సంగతి కాదు.

2009 జూన్‌లో తన్వీర్ కన్నుమూశారు. కొన్ని వారాలకే సత్నామీ మతపెద్దల అభ్యంతరం మీద ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ నాటక పుస్తకంపై ఆంక్ష పెట్టింది. ఏథెన్స్ కూడా ఈ పని చేసింది. మిత్ర నగరం మిలీటస్ పతనంపై ఫ్రినికస్ నాటకం వేస్తే ప్రేక్షకులు భోరుమన్నారు. మన సొంత దుఃఖాన్ని గుర్తుచేశావంటూ కవికి వెయ్యి ద్రాక్మాల జరిమానా వేసి, నాటకాన్ని మళ్లీ ఆడకూడదన్నారని హెరొడొటస్ రాశాడు. అంతా మెచ్చే సభ ఎప్పుడూ లేదు. తేడా ఒక్కటే. ఏథెన్స్ ముందు చూసి, ఏడ్చి, ఆ తర్వాత నిషేధించింది.

హత్య, తీర్పు, శవం

శంకర్ గుహా నియోగి భిలాయ్ ప్లాంటులో కార్మికుడిగానే జీవితం మొదలుపెట్టారు. ఉద్యోగం పోయింది. దల్లీ రాజ్‌హరా గనుల్లో కాంట్రాక్టు కూలీలను కూడగట్టారు. 1977 జూన్‌లో అక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారి పేరుమీద కార్మికులే 1983లో షహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు. 1990లో నియోగి భిలాయ్ ప్రైవేటు కర్మాగారాల కార్మికుల మధ్యకు వచ్చారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, నిద్రలో ఉండగా ఆయన్ను కాల్చి చంపారు. మరుసటి ఏడు జులై 1న కార్మికులు భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాలపై బైఠాయించారు. పోలీసు కాల్పుల్లో 16 మంది మరణించారు. ఒక పోలీసు అధికారి కూడా ప్రాణం కోల్పోయారు.

హత్య కేసులో 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలు సహా పలువురిని దోషులుగా తేల్చింది. 1998లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్చినవాడికి మాత్రం యావజ్జీవం వేసి, మిగిలినవారి విడుదలను ఖాయం చేసింది. చట్టం దృష్టిలో అక్కడితో కథ ముగిసింది.

క్రీ.పూ. 461 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఎఫియాల్టిస్ అనే సంస్కర్త హత్యకు గురయ్యాడు. పెద్దింటివారి చేతిలోని అరియోపాగస్ సభ అధికారాలను కత్తిరించడం ఆయన చేసిన పని. మూడేళ్లకు, 458లో, ఎస్కిలస్ 'ఒరెస్టియా' త్రయంలో అదే అరియోపాగస్‌ను హత్యలను విచారించే కోర్టుగా ఏథెనా దేవత స్థాపించినట్టు చూపాడు. ఓట్లు సమానంగా పడి నిందితుడు బయటపడతాడు. నాటకం అక్కడ ఆగదు. చనిపోయినవారి తరఫున నెత్తురు కోరే ఉగ్రదేవతలు శాంతించలేదు. వాళ్లను పొమ్మంటే ఊరికి అరిష్టం. ఏథెనా వాళ్లను బతిమాలి, నగరంలోనే చోటిచ్చి, పూజ ఏర్పాటు చేస్తుంది. తీర్పు వేరు, దుఃఖం తీరడం వేరు అని ఎస్కిలస్‌కు తెలుసు. రెండోదానికి కోర్టు చాలదు, నగరం చోటివ్వాలి.

సొఫోక్లిస్ 'యాంటిగొనీ' మొత్తం ఒక శవం చుట్టూ తిరుగుతుంది. రాజు ద్రోహిగా ప్రకటించిన అన్నకు చెల్లెలు మట్టి ఇవ్వాలంటుంది. ఎవరి చావుకు ఊరు ఏడవవచ్చో నిర్ణయించేది ఎవరన్నదే అక్కడి తగవు. నియోగి దేహాన్ని దల్లీ రాజ్‌హరాకు తీసుకెళ్లి, కార్మిక రైతు ఐక్యతకు గుర్తైన ఎరుపు, ఆకుపచ్చ జెండా నీడన అంత్యక్రియలు చేశారు. గని ఆయన్ను తన మనిషిగా సాగనంపింది.

మెట్ల మీద ఎవరు?

భిలాయ్‌లో మాటకు మాటగా వాడే రెండు పదాల మీద ప్యారీ పుస్తకం నిలబడింది. ఒకటి 'నౌకరీ', రెండోది 'కామ్'. ప్లాంటులో శాశ్వత కొలువు నౌకరీ. కాంట్రాక్టు కూలి, ప్రైవేటు షెడ్లలో రోజువారీ పని కామ్. నౌకరీ ఉన్నవారికి క్వార్టరు, ఆస్పత్రి, బడి, పెన్షన్. కామ్ చేసేవారికి ఆ రోజు కూలి. 1980ల చివర్లో అరవై వేలు దాటిన శాశ్వత ఉద్యోగుల సంఖ్య 2010ల మధ్యకు సుమారు సగానికి తగ్గింది. పని తగ్గలేదు, కాంట్రాక్టు చేతుల్లోకి వెళ్లింది. ఏథెన్స్ భాషలో చెప్పాలంటే పౌరులు తగ్గి, ఓటు లేని నివాసులు పెరిగారు.

కళను పోషించడంలో భిలాయ్ ప్లాంటు ఏథెన్స్ ధనికుడికి తీసిపోలేదు. సెక్టార్ 1లో నెహ్రూ పేర సాంస్కృతిక భవనం, ఏళ్ల తరబడి ఛత్తీస్‌గఢ్ లోక్ కళా మహోత్సవ్, తీజన్ బాయి లాంటివారికి ఉద్యోగాలు. కర్ణుడి చావుకు, ద్రౌపది పరాభవానికి ఈ ఊరు అధికారికంగానే కన్నీరు పెట్టింది. పురాణం మీదుగా ఏడవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. సొంత కథ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరు రెండుగా చీలిపోతుంది.

ఏటా జులై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా వారసులు, మృతుల కుటుంబాలు చేరి నివాళి అర్పిస్తారు. పాటలుంటాయి, పేర్లు చదవడం ఉంటుంది. పాడేవారు, వినేవారు ఒక్కరే. రంగస్థలం ఉంది, వంత ఉంది, ఎదుటి మెట్లు ఖాళీ. ఏథెన్స్ ఎన్ని తప్పులు చేసినా, కప్పం సొమ్ము చూసి చప్పట్లు కొట్టినవాళ్లనే కూర్చోబెట్టి ఓడినవాళ్ల ఏడుపు వినిపించింది. దానికి ధనికుడి చేత ఖర్చు పెట్టించింది. భిలాయ్‌లో ఫిబ్రవరి 4 కర్మాగారం చరిత్రలో తేదీ, జులై 1 కార్మికుల బస్తీల్లో తేదీ. సెక్టార్ల నుంచి పవర్‌హౌస్ స్టేషన్‌కు ఉన్న దూరం పెద్దదేమీ కాదు. ఆ రెండు తేదీలు ఒకే సభలో గుర్తుచేసుకునే రోజు వస్తే, గ్రీకు విషాద నాటకం గురించి ఈ ఊరికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.